హాల్డేన్ పండితుడు

పరదేశమున జన్మించి, మన దేశమును తన దేశముగా వరించి, తుదకు తన దేహమును సైతము తెలుగుగడ్డకు అప్పగించిన జీవశాస్త్రవేత్తను మనవారిలో పెక్కుమంది ఎరుగకుండుట మాకు చింత కలిగించుచున్నది. ఆ మహాశయుడు జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్.

ఆయన 1892 నవంబరు 5వ తేదీన ఆక్సుఫర్డు నగరమున జన్మించెను. తండ్రి ప్రసిద్ధ శరీరధర్మ శాస్త్రజ్ఞుడు. కుమారుడు విశ్వవిద్యాలయమున చదివినది గణితమును, గ్రీకు లాటిను వాఙ్మయమును. ప్రకృతిశాస్త్రమున ఆయనకు పట్టము లేదు. మొదటి ప్రపంచ యుద్ధమున గాయపడి, మన దేశమున కొంతకాలముండి కోలుకొనెను. ప్రాణికోటి మార్పులను గణితముచే కొలుచుట పిమ్మట ఆయన జీవితకార్యమయ్యెను.

ఇందుకొక్క నిదర్శనము చాలును. సీతాకోకచిలుకను పోలి, రాత్రులందు తిరుగు తెల్లని రెక్కలపురుగు ఒకటి ఇంగ్లండున గలదు. దానిలో నల్లని రకము 1848లో మాంచెస్టరున కనబడెను. యంత్రశాలల మసి చెట్ల మ్రాకులను నల్లబరచుకొలది నల్లనివి హెచ్చి, ఆ శతాబ్దాంతమునకు అచ్చట నూటికి 90కి పైగా అవియే అయ్యెను. హాల్డేన్ 1924లో లెక్కకట్టి, ఇంత స్వల్పకాలమున ఇంత మార్పు కలుగవలెనన్నచో, తెల్లనివానికి 2 సంతానములు దక్కినచోట నల్లనివానికి 3 దక్కుచుండవలెనని తేల్చెను. ప్రకృతి వరణము మందగమనమని తలచినవారికి ఇది విస్మయావహమయ్యెను. మ్రాకుతో రంగు కలియని పురుగులనే పక్షులు ముందుగా భక్షించునని 1950వ దశాబ్దమున కెటిల్‌వెల్ చూపెను. దానిపై ఆక్షేపణలు బయలుదేరగా, మజెరస్ ఆరేండ్లు శ్రమించి కూర్చిన లెక్కలు 2012లో వెలువడి సందేహమును తీర్చినవి. ఇంగ్లండున 1956లో చట్టము వచ్చి పొగ తగ్గిన పిదప తెల్లనివి మరల హెచ్చినవి.

1956లో బ్రిటను ఈజిప్టుపై జరిపిన దాడిని హాల్డేన్ గర్హించెను. మరుసటి యేడు లండను ఆచార్యపదవిని వదలి, సతీమణి హెలెన్ స్పర్వేతో కలకత్తాలోని భారత సంఖ్యాశాస్త్ర సంస్థకు వచ్చెను. కొంతకాలమునకు భారత పౌరుడయ్యెను. విలువైన యంత్రములు లేవని వగవక, కన్నులతో చూచి లెక్కించుట ఆయన శిష్యులకు నేర్పిన విద్య. వారిలో ఒకరు పారిజాతపు రేకులను లెక్కించిరి. ఒకరు మట్టిగూళ్లు కట్టు కందిరీగల నడవడిని గమనించిరి. తెలుగువాడైన ద్రోణంరాజు కృష్ణారావు ఏ రంగు లాంటానా పూవుపై ఏ సీతాకోకచిలుక వ్రాలునో లెక్కించి, 1960లో ప్రకటించెను. ఇందులకు కావలసినది ఓపికయు, కాగితమును మాత్రమే.

1962లో హాల్డేన్ భువనేశ్వరమునకు చేరి, 1964 డిసెంబరు 1వ తేదీన అచ్చటనే మరణించెను. ఆయన మరణశాసనము ననుసరించి దేహము కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు విద్యార్థుల అభ్యాసార్థము చేరెను.

హాల్డేన్ గణితమున కాధారమేమి? వేడుకకై పురుగులను సేకరించి, కనబడిన చోటును సంవత్సరమును వ్రాసియుంచిన సామాన్యుల శ్రద్ధయే. వారు వ్రాయకున్నచో ఆయన లెక్కకు తావే లేదు. మన రైతులు శిస్తు లెక్కలును, ధాన్యపు లెక్కలును తరతరములుగా వ్రాయుచున్నారు. తమ చేలలో వ్రాలు పక్షులను, చెరువున అరచు కప్పలను, తోటకు వచ్చు తేనెటీగలను ఏటేట లెక్కవ్రాయువారెందరు? నేల, నీరు, గాలి మారుచున్నవని అందరును అనుచున్నారు. ఎంత మారినదని రేపటివారు అడిగినప్పుడు చూపుటకు పుస్తకము కావలెను. చదువు నేర్చిన ప్రతి గృహస్థుడును ఈ యేటినుండియే అట్టి పుస్తకము నొకదానిని ప్రారంభింపవలెనని మేము కోరుచున్నాము.