బొగ్గుపొడికి అంటుకున్న మందు

ఈసారి నేను డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి రాస్తున్నాను. వారానికోసారి మనకిచ్చే నీలం మాత్రలో ఇనుముతో పాటు ఉండే ఫోలిక్ ఆమ్లం కథ ఆయనదే. (ఆ మాత్ర కిటికీలోంచి ఎవరు పారేస్తారో నాకు తెలుసు.)

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. ఇంట్లో బీదతనం. పదమూడేళ్ళప్పుడు కాశీలో అరటిపళ్ళు అమ్ముదామని పారిపోయారు, పట్టుకొచ్చారు. మెట్రిక్ మూడోసారికి గాని పాస్ కాలేదు. తర్వాత మద్రాసులో వైద్యం చదివారు. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్దిరోజుల తేడాలో పోయారు. తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గిపోతుంది. అప్పుడు దానికి సరైన మందు లేదు. ఆయన బతుకంతా ఆ దెబ్బ వెంటే నడిచిందని నేననుకుంటాను.

1923లో అమెరికా వెళ్ళి, ఆసుపత్రిలో రాత్రిపనులు చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివారు. 1940లో లెడర్లే కంపెనీలో చేరారు. అక్కడ ఆయన బృందం కార్జంలోంచి రక్తం పట్టించే పదార్థాన్ని వేరుచేయడానికి కూర్చుంది. పదార్థం గోరంత, రసం కొండంత. రసంలో బొగ్గుపొడి వేస్తే అది పొడికి అంటుకుంటుంది. అమ్మోనియా కలిపిన ఆల్కహాల్‌తో కడిగితే ఊడి వస్తుంది. ఇట్లా అంటుకోవడమే అధిశోషణం. మన తుర్కపల్లి దగ్గరి జీనోమ్ వ్యాలీ లాంటి చోట్ల ల్యాబుల్లో మందులు వేరుచేసేది కూడా చాలాసార్లు ఈ అంటించడం, ఊడదీయడంతోనే.

పాలిమర్లయితే గొలుసు పొడవు కూడా లెక్కలోకొస్తుంది. ఉత్తరేణి గింజ ఒక్కటి లాగుకు అంటితే దులిపితే పోతుంది. కంకి మొత్తం అంటితే ఒకటి ఊడినా మిగతావి పట్టుకునే ఉంటాయి కదా! పొడుగు గొలుసూ అంతే. నీళ్ళలో పొట్టివి చురుగ్గా కదిలి ముందొచ్చి అంటుకుంటాయి, వెనకొచ్చిన పొడుగువి వాటిని నెట్టేస్తాయి. కాకపోతే బొగ్గు రంధ్రం సన్నగా ఉంటే పొడుగుది లోపలికి దూరలేదు.

ఫోలిక్ ఆమ్లం అంత పెద్దది కాదు గానీ దానికీ చిన్న గొలుసుతోక ఉంది. కార్జంలో దొరికినదానికి గ్లూటామిక్ ఆమ్లం ఒకటే, సూక్ష్మజీవులు చేసినదానికి మూడు, ఈస్టులో దొరికినదానికి ఏడు. మన పేగు ఆ తోకను ఒక్కటి మిగిలేదాకా కత్తిరించాకే లోపలికి తీసుకుంటుంది.

1945లో లెడర్లే వాళ్ళు ఫోలిక్ ఆమ్లాన్ని ల్యాబులోనే తయారుచేశారు. దానితో స్ప్రూ రోగులు కోలుకున్నారు, అన్నదమ్ములు పోయిన ఇరవై ఏళ్ళకు పైగా గడిచాక. ఆయన 1948లో 53 ఏళ్ళకే అమెరికాలో చనిపోయారు. ఇక్కడ ఎదురుచూసిన భార్య శేషగిరి గారు ఆయన్ని మళ్ళీ చూడనే లేదు.