టంకశాలలో న్యూటను మహాశయుడు

గురుత్వాకర్షణ సూత్రమును లోకమునకు తెలిపిన ఐజాక్ న్యూటను పేరు వినని విద్యార్థి యుండడు. కాని ఆ మహాశయుడు తన జీవితములోని చివరి ముప్పది యేండ్లు ఇంగ్లండు నాణెముల సంరక్షణకై వెచ్చించెనని ఎరిగినవారు కొలదిమందియే.

నాటి ఇంగ్లండు పంచాంగము ననుసరించి ఆయన 1642 డిసెంబరు 25వ తేదీన వూల్స్‌థార్ప్ గ్రామములో జన్మించెను. అప్పటికే తండ్రి గతించెను. కేంబ్రిడ్జిలో చదివి, అచ్చటనే ఆచార్యుడై, 1687లో 'ప్రిన్సిపియా' గ్రంథమును ప్రకటించెను. 1696లో లండను టంకశాలలో వార్డెను పదవిని స్వీకరించెను.

ఆనాడు రెండు విధములైన వెండి నాణెములు చెలామణిలో నుండెను. పాతవి సమ్మెటతో కొట్టినవి. వాని అంచులు సమముగా నుండవు గనుక మోసగాండ్రు కొంచెము కొంచెముగా కత్తిరించి వెండిని అపహరించుచుండిరి. 1662 నుండి యంత్రముపై చేసిన క్రొత్తవాని అంచులకు గీట్లు గాని అక్షరములు గాని యుండుటచే, కత్తిరించినచో వెంటనే తెలిసిపోవును. అయినను ఫలమేమి? చట్టము రెండింటికిని ఒకే వెల కట్టెను. కావున జనులు నిండు తూకము గల క్రొత్త నాణెములను దాచిరి, లేదా కరగించి విదేశములకు పంపిరి. తరిగిన పాతవానినే బజారులో చెల్లించిరి.

చివరకు ప్రభుత్వము పాతవానిని రద్దుచేసి, కరగించి, మరల ముద్రింప నిశ్చయించెను. న్యూటను పనివారి వేగమును, యంత్రముల శక్తిని స్వయముగా లెక్కించి ముద్రణను త్వరపరచెను. దొంగనాణెములు చేయువారిని పట్టి శిక్షింపజేసెను. ఐనను గడువులోపల నాణెములు మార్చుకొనలేని బీదలు మిక్కిలి నష్టపడిరి.

1699 చివర ఆయన టంకశాలకు మాస్టరయ్యెను. 1717లో ఆయన నివేదికపై బంగారు గినీకి 21 షిల్లింగులు వెల నిర్ణయింపబడెను. ఆ వెల బంగారమునకు కొంత యెక్కువయ్యెను. భారతదేశమున, చీనాలో వెండికి గిరాకి హెచ్చుగా నుండుటచే వెండి అటు తరలిపోయెను. ఇంగ్లండులో బంగారము నిలిచెను. ఆ దేశము క్రమముగా సువర్ణప్రమాణమునకు చేరగా, 1816 నాటి చట్టము దానిని స్థిరపరచెను. న్యూటను 1727లో పరమపదించెను.

విద్యార్థులారా! యంత్రము మంచి నాణెమును చేయగలిగెను గాని, పాత చట్టము మారువరకు అది ప్రజల చేతిలో నిలువలేదు. నేడు చేతిఫోనుపై ధనము చెల్లించు కాలమునందును పాలకులు మరువరాని పాఠమిది.