నామగిరి తాయారు భక్తుడు శ్రీనివాస రామానుజన్

శ్రియఃపతి కల్యాణగుణములు లెక్కకు అందనివని పెద్దలందురు. ఆ స్వామిని కొలుచు వంశమున పుట్టి, లెక్కనే తపస్సుగా చేసికొనిన మహనీయులు శ్రీనివాస రామానుజన్.

వారు 1887 డిసెంబరు 22వ తేదీన ఈరోడులో మాతామహుల యింట జన్మించిరి. కుంభకోణమున శార్ఙ్గపాణి పెరుమాళ్ల సన్నిధి వీథిలో పెరిగిరి. తండ్రి బట్టల అంగడిలో గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్ దేవాలయమున భజనలు పాడెడిది. నామక్కల్ క్షేత్రమున శ్రీనృసింహస్వామి దేవేరియైన నామగిరి తాయారు వారి యిలవేల్పు.

గణితము తప్ప అన్యమున మనసు నిలువక రామానుజన్ కళాశాల పరీక్షలలో తప్పిరి. దారిద్ర్యము చుట్టుకొనెను. నెల్లూరులో కలెక్టరుగా నుండిన రామచంద్రరావుగారు వారి ప్రతిభ గుర్తించి నెలకు 25 రూపాయలొసగి ఆదుకొనిరి. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టున గుమాస్తా పని లభించెను. 1913 జనవరిలో కేంబ్రిడ్జి పండితుడు హార్డీకి వ్రాసిన లేఖ వారికి సీమ త్రోవ చూపెను.

సముద్రయానము నాటి ఆచారమునకు విరుద్ధము; తల్లి సమ్మతింపలేదు. తాయారు స్వప్నమున ఆనతిచ్చిన పిమ్మటనే ఆమె అంగీకరించెనని చెప్పుదురు. 1914 మార్చి 17న ఓడ యెక్కిన రామానుజన్, యుద్ధకాలపు కష్టములలోను శాకాహారమును, స్వయంపాకమును విడువలేదు.

అచట హార్డీతో కలిసి వారు విభాగ సంఖ్యలను పరిశోధించిరి. 4 అను సంఖ్యను 4, 3+1, 2+2, 2+1+1, 1+1+1+1 అని అయిదు విధముల విభజింపవచ్చును. 10కి 42 విధములు, 100కి 19,05,69,292. మరి 200కు? 39,72,99,90,29,388. అనగా మూడు లక్షల తొంబదియేడువేల రెండువందల తొంబదితొమ్మిది కోట్లకు పైమాట! సెకనుకొకటి చొప్పున వ్రాసినను లక్ష సంవత్సరములు చాలవు.

మేక్‌మహన్ అను గణితజ్ఞుడు ఒక్కొక్క సంఖ్యకు ముందువాని ఫలితములను కూడుచు తీసివేయుచు, 200 వరకు చేతితో పట్టిక కట్టెను. రామానుజన్, హార్డీలు వర్గమూలములతో కూడిన ఒక సూత్రమును సాధించిరి. అందలి ఎనిమిది పదములను మాత్రమే కూడగా, పట్టికలోని సంఖ్యయే వచ్చెను. తేడా వేయింట నాలుగు వంతులు. ఈ ఫలితము 1918లో ప్రకటితమయ్యెను. ఆ పట్టికనే పరికించి 4, 9, 14, 19 మొదలుగా అయిదేసి చొప్పున పెరుగు సంఖ్యల విభాగములన్నియు అయిదుచే నిశ్శేషముగా భాగింపబడునని రామానుజన్ కనిపెట్టి, 1919లో నిరూపణము ప్రకటించిరి.

తన గణితము తాయారు ప్రసాదమని వారు నమ్మిరి. అయినను ప్రసాదమని చెప్పి పరీక్షను తప్పించుకొనలేదు. తోచినదానిని లెక్కతో సరిచూచిరి. సరిపడినదానికి నిరూపణము వెదకిరి. భక్తి శ్రమకు బదులు కాదనుటకు వారి జీవితమే దృష్టాంతము.

1918లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను. అప్పటికే దేహము రోగగ్రస్తము. 1919లో స్వదేశమునకు మరలి, శయ్యపై నుండియు గణితము వ్రాయుచునే, 1920 ఏప్రిల్ 26న మద్రాసులో ముప్పదిరెండవ యేట పరమపదించిరి.

నామక్కల్ యాత్ర చేయు భక్తులు తాయారు సన్నిధిలో తమ పిల్లలకు ఈ కథ వినిపింతురుగాక. పరీక్షలో తప్పిన బాలుని తాయారు విడువలేదనియు, ఆ బాలుడు పలకను విడువలేదనియు వారికి తెలియును.