గాజుల మలారం దించిన కైవారం తాతయ్య

మన హోసూరు, కృష్ణగిరి వైపు తెలుగు పెద్దలకు కైవారం తాతయ్య పేరు కొత్త కాదు. అసలు పేరు నారాయణప్ప. ఊరు మనకు ఉత్తరాన, చింతామణి తాలూకా కైవారం. 1726లో బలిజల ఇంట పుట్టినారు. ఊరూరా గాజులు అమ్మేది వాళ్ళ వృత్తి. ఆయనకు బేరం మీద ధ్యాస నిలవలేదు, సంసారం ఇబ్బందుల్లో పడింది. అప్పుడు ఒక గురువు కనిపించి, నోట్లో గులకరాయి పెట్టుకొని అష్టాక్షరి జపించమన్నారంట. కొండగుహలో కూర్చొని జపిస్తే ఆ రాయి కలకండ అయిందని పెద్దలు చెప్తారు.

ఊపిరి పట్టి, మనసు నిలిపి లోపలికి చూసే యోగాన్ని తెలుగులో, కన్నడంలో తత్వాలుగా పాడినారు. అమర నారేయణ శతకం, కాలజ్ఞానం ఆయనవే. 1836లో కైవారంలోనే సమాధి అయినారు.

మగ్గం గుంటలో కూర్చునే మాకు ఆ నిలకడ తెలుసు. నాడె ఆడుతుంటే చూపు పోగు మీదే ఉండాల. ఇప్పుడు మన పిల్లల్లో చాలామందికి తెలుగు చదవను రాదు. చదవను రాకపోయినా విని నేర్చుకోవచ్చు. భజన జరిగే రోజు వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకొని ఒక్క తత్వమైనా నేర్పించాలని మేము కోరుతున్నాము.