దామెర్ల రామారావుగారి చిత్రవిద్యాభ్యాసము

గోదావరి ధవళేశ్వరము దాటిన పిమ్మట పాయలుగా చీలి, కోనసీమను నడుమ నిడుకొని సముద్రమును చేరుచున్నది. ఆ చీలికకు కొంచెము ఎగువన, రాజమహేంద్రవరమున, 1897వ సంవత్సరము మార్చి 8వ తేదీన దామెర్ల రామారావుగారు జన్మించిరి. 1925వ సంవత్సరము ఫిబ్రవరి 6వ తేదీన కీర్తిశేషులైరి. ఈ రెండు తేదీల నడుమ ఇరువదియెనిమిది నిండు సంవత్సరములైనను లేవు. అందు బాల్యమును, బడి చదువును తీసివేయగా చిత్రకళకు మిగిలినది పదేండ్లకు కొంచె మెచ్చుతగ్గు కాలము. అందును దాదాపు సగము విద్యార్థిగనే గడచినది. ఆధునికాంధ్ర చిత్రకళను గూర్చి చెప్పునపుడు ఆయన పేరు తొలుత వచ్చుటకు కారణము, ఆ విద్యార్థిదశను ఆయన గడపిన తీరులోనే కలదు.

ఆంధ్రదేశము చిత్రకళకు క్రొత్తది కాదు. అమరావతి శిల్పులు రాతిపై కథలు చెప్పిరి. లేపాక్షి దేవాలయపు కప్పున విజయనగరకాలపు వర్ణచిత్రములు నేటికిని కన్పట్టుచున్నవి. కాని రామారావుగారు బాలుడుగా నున్ననాటికి ఆ సంప్రదాయమును బడిలో నేర్పు గురువు లేడు. ఇండ్లలో గోడల నలంకరించునవి రవివర్మ పటములు. 1894లో బొంబాయిలో వెలసిన రవివర్మ ముద్రణాలయమునుండి వచ్చిన లక్ష్మీసరస్వతుల పటములు ఊరూరను పూజామందిరములకెక్కెను. బొమ్మ వేయగోరిన పిల్లవానికి వానిని చూచి దిద్దుటయే విద్య.

ఇట్టి సమయమున రాజమహేంద్రవరము ఆర్ట్సు కళాశాలకు ఓస్వాల్డు కూల్డ్రే అను ఆంగ్లేయుడు అధ్యక్షుడై 1909 మొదలు 1919 వరకు పనిచేసెను. ఆయన కవి, చిత్రకారుడు. మన గ్రామములను, గుడులను, ప్రజలను ప్రేమతో చూచినవాడు. రామారావు, అడివి బాపిరాజు, కవికొండల వేంకటరావు మున్నగు యువకులు ఆయన చుట్టును చేరిరి. దొర వారికి నేర్పిన మొదటి పాఠము, పటమును చూచి పటము వేయక, ప్రకృతిని చూచి వేయుట. నదిని నది యొడ్డున నిలిచి చూడవలెను. ఉదయమున నీటికుండు రంగు మధ్యాహ్నమున నుండదు. దూరమున నున్న కొండ పచ్చగా గాక నీలముగా కన్పట్టును. తెలిసిన రంగును విడిచి కనబడిన రంగును వేయుట చిత్రకారుని తొలి నిజాయితీ. రామారావుగారి గోదావరీ దృశ్యములందు, తూర్పు కనుమల చిత్రములందు ఈ పాఠము తుదివరకు నిలిచినది.

రెండవ పాఠము అజంతా. కూల్డ్రే తన శిష్యులను అజంతా, ఎల్లోరా గుహలకు తీసికొనిపోయెను. గోడకు మట్టిపూత పూసి, దానిపై సన్నని సున్నపుపొర నిడి, ఖనిజముల రంగులతో వ్రాయబడిన చిత్రములవి. అచట మనుష్యుని రూపమును నిలబెట్టునది వెలుగునీడలకంటె రేఖయే. ఒక్క గీత యెచట లావై యెచట సన్ననై సాగునో దానినిబట్టి భుజము గుండ్రదనము, వ్రేలి సౌకుమార్యము తెలియును. తమ దేశమున ఇంతటి విద్య యుండెనని ఆ యువకులు కన్నులార చూచిరి.

మూడవ పాఠమునకై 1916లో, కూల్డ్రే ప్రోత్సాహమున, రామారావుగారు బొంబాయికి పోయి జె.జె. చిత్రకళాశాలలో చేరిరి. 1857లో స్థాపింపబడిన ఆ శాలలో పాశ్చాత్యపద్ధతియే ప్రధానము. సజీవమైన మనిషిని ఎదుట నిలిపి, ఎముకల కూర్పును, కండల పొంకమును, వెలుగు పడు వైపును నీడ పడు వైపును గంటలకొలది అభ్యసింపజేయుదురు. తైలవర్ణములను గుడ్డపై పొరలుగా పూయుటయు, నీటిరంగును పలుచగా పరచి కాగితపు తెలుపునే వెలుగుగా విడుచుటయు నేర్పుదురు. నూనెరంగున తప్పు జరిగినచో దానిపై మరల పూయవచ్చును. నీటిరంగున ఆ యవకాశము మిక్కిలి తక్కువ. కనుక మొదటిది ఓర్పును, రెండవది నిశ్చయమును నేర్పును. ఆయన వెంట తెచ్చుకొన్న బొమ్మలను చూచి ఆ శాలవారు ప్రారంభపు తరగతులు దాటించి పైతరగతిలో చేర్చుకొనిరి.

ఆ కాలమున దేశమున ఒక వివాదము రేగుచుండెను. కలకత్తాలో అవనీంద్రనాథ ఠాకూరుగారు పాశ్చాత్యపద్ధతిని విడువవలెనని, భారతీయకళ తన మార్గమున తాను నడువవలెనని ఒక సంప్రదాయమును నెలకొల్పిరి. 1903 ప్రాంతమున జపానునుండి వచ్చిన చిత్రకారుల సాంగత్యమున, వేసిన చిత్రమును నీటతడిపి మరల రంగు పూయు పద్ధతి యొకటి వారికలవడినది. దానివలన చిత్రమంతయు మంచుతెర వెనుక నున్నట్లు మృదువుగా తోచును. మచిలీపట్టణపు ఆంధ్రజాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటోపాధ్యాయుగారు ఈ మార్గమునే బోధించిరి. అడివి బాపిరాజుగారు వారి శిష్యులైరి. బొంబాయివారు సాదృశ్యమే కళయనిరి. వంగదేశమువారు భావమే కళయనిరి. ఎవరి వెంట నడువవలెనన్నది ఆనాటి ప్రతి విద్యార్థికిని చిక్కు ప్రశ్న.

మన పూర్వులు చిత్రమునకు ఆరంగములు చెప్పిరి. కామసూత్రములకు యశోధరుడు వ్రాసిన వ్యాఖ్యయందు అవి కలవు. రూపములలోని భేదము, ప్రమాణము, భావము, లావణ్యము, సాదృశ్యము, వర్ణముల కలయిక. ఈ యారింటిలో ప్రమాణ సాదృశ్యములు బొంబాయిలో లభించును. భావ లావణ్యములు అజంతాలో కలవు. వర్ణమును గోదావరియే నేర్పును. ఒకదానికై మరియొకదానిని త్యజింపనక్కరలేదని రామారావుగారు వాదముచే గాక చిత్రములచే చూపిరి. పాశ్చాత్యశిక్షణమువలన వచ్చిన శరీరజ్ఞానమును వారు విడువలేదు. రేఖను మాత్రము మనదిగా నుంచుకొనిరి. గుజరాతు, కాఠియావాడు ప్రాంతములు తిరిగి అచటి జనులను, వేషములను గమనించి చిత్రించిరి.

ఛాయాగ్రహణయంత్రము అప్పటికే పట్టణములకు వచ్చియుండెను. మనిషి పోలికను క్షణములో పట్టు యంత్రము వచ్చిన పిమ్మట చిత్రకారునికి పని యేమని అడుగుట సహజము. ఛాయాపటము తీయువాడు సైతము ఎచట నిలుచుట, ఏ వెలుగుకై వేచియుండుట, దేనిని చట్టములో నుంచి దేనిని విడుచుట యను ఎంపిక చేయవలసినవాడే. చిత్రకారునికి ఆ యెంపిక ప్రతి గీతయందును కలదు. నేడు చేతిలోని దూరవాణితో చిత్రములు తీయు బాలబాలికలకు ఈ చూపు మిగుల ఉపకరించును.

ఆయన చిత్రములలో పేరెన్నికగన్నది ఋశ్యశృంగ బంధనము. భారతారణ్యపర్వమున నీ కథ కలదు. స్త్రీని కన్నెత్తి యెరుగని ముని కుమారుని, అంగరాజ్యమున వర్షము కురియుటకై, వారకాంతలు మాయ చేసి తెచ్చిరి. ముని దేహమునందలి తపస్సును, మనసునందలి విస్మయమును ఒకేసారి చూపవలసిన ఘట్టమిది. శరీరజ్ఞానము లేనివాడు మొదటిదానిని, భావము లేనివాడు రెండవదానిని చూపలేడు. 1922లో కలకత్తా ప్రదర్శనమున ఈ చిత్రము బహుమానమును పొందినది. సిద్ధార్థ రాగోదయము, పుష్పాలంకారము మున్నగునవియు ప్రఖ్యాతములు.

పేరు వచ్చిన పిమ్మట బొంబాయిలోనే నిలిచి ధనవంతుల రూపచిత్రములు వేయుచు సుఖముగా నుండవచ్చును. ఆయన స్వస్థలమునకు మరలి, 1922-23 ప్రాంతమున రాజమహేంద్రవరమున చిత్రకళాశాలను నెలకొల్పిరి. తనకు గురువును వెదకుకొని అంతదూరము పోవలసివచ్చెను. తరువాతివారికి ఆ యవస్థ యుండరాదు. మిత్రుడు వరదా వెంకటరత్నముగారు తోడై నిలిచిరి. ఇంటిలో భార్య సత్యవాణిగారును, సోదరియును కుంచె పట్టిరి. స్త్రీలు చిత్రకళ నభ్యసించుట అరుదైన ఆ దినములలో ఇది చిన్న సంగతి కాదు.

శాల ఆరంభమై కొలదికాలమైనను కాకమునుపే మశూచి ఆయనను పొట్టనబెట్టుకొనెను. ఆ వ్యాధి భూమిపై నశించినదని 1980లో ప్రకటింపబడినది. ఐదున్నర దశాబ్దముల ముందు దాని చేతికి చిక్కినవారిలో ఈ మహనీయుడొకడు. గురువు పోగా శాల మూతపడి యుండవలసినది. వెంకటరత్నముగారు దానిని పోనీయక జీవితాంతము శ్రమించి నిలబెట్టిరి. రామారావుగారి చిత్రములు చెల్లాచెదరు గాకుండ ఒక్కచోట నిలిచియుండుట ఆ కుటుంబమువారి, ఆ మిత్రుని నిష్ఠా ఫలము.

రాజమహేంద్రవరమున గోదావరి గట్టున ఆయన పేరిట స్మారకచిత్రశాల కలదు. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములనుండి ఆ పట్టణమునకు పనిమీద పోవువారు అనేకులు. వారు ఒక గంట మిగుల్చుకొని అచట కాలుమోపి, నూనెరంగుల చిత్రములతోపాటు పెన్సిలు గీతలను కూడ నిదానముగా చూడవలయును. పూర్తియైన చిత్రము ఆయన యేమి సాధించెనో చెప్పును. ఆ చిన్నగీతలు ఆయన యెట్లు నేర్చెనో చెప్పును. చదువుకొను పిల్లలను వెంట తీసికొని పోయినచో, వారికి ఆ రెండవదానివలననే ఎక్కువ లాభము.