పొడిని లోహముగా మలచిన వొలాస్టన్

లోహములను కరగించి మూసలలో పోసి వస్తువులు చేయుట మనమెఱిగినదే. కాని కొలిమిలో ఎంత కాల్చినను కరగని లోహము దొరకినచో ఏమి చేయవలెను? పదునెనిమిదవ శతాబ్దమున ప్లాటినము ఐరోపా రసాయనికులకు ఇట్టి చిక్కునే తెచ్చిపెట్టెను. ఆ లోహమును పొడిచేసి, పొడిని మరల గట్టి లోహముగా మార్చిన విలియం హైడ్ వొలాస్టన్ చరిత్రమును ఇచ్చట సంగ్రహముగా చెప్పుచున్నాము.

వొలాస్టన్ 1766వ సంవత్సరమున ఇంగ్లండులోని ఈస్ట్ డీర్‌హాము అను ఊర జన్మించెను. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. ఖగోళశాస్త్రమున ఆసక్తి గలవాడు. కుమారుడు కేంబ్రిడ్జిలో వైద్యము చదివి 1793లో ఎం.డి. పట్టమందెను. రోగుల బాధలను చూచి అతని మనస్సు మిక్కిలి కలతపడుచుండెను. తుదకు 1800లో వైద్యవృత్తిని మాని రసాయనశాస్త్రమునే జీవనోపాధిగా చేసికొనెను. ఆ సంవత్సరముననే స్మిత్సన్ టెన్నెంటు అను మిత్రునితో కూడి, దక్షిణ అమెరికానుండి వచ్చిన ప్లాటినపు ముడిఖనిజమును సుమారు 6,000 ఔన్సులు కొనెను.

ప్లాటినము కరగుటకు 1,768 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావలెను. నాటి కొలుములకు అంత శక్తి లేదు. అందుచే వొలాస్టన్ ఖనిజమును ద్రవరాజములో కరగించి, దానికి నవాసాగరము చేర్చెను. పసుపుపచ్చని మడ్డి అడుగున దిగెను. దానిని సన్నని సెగపై కాల్చగా బూడిదరంగు గుల్లవలె ప్లాటినము మిగిలెను. సెగ హెచ్చినచో రేణువులు ముందుగానే అంటుకొనును. ఆ గుల్లను నూరుటకు అతడు కఱ్ఱరోలును, కఱ్ఱరోకలినే వాడెను. గట్టి రోలులో నూరినచో రేణువుల పైభాగము మెఱుగెక్కి, పిదప అవి ఒకదానితో నొకటి చక్కగా అతుకుకొనవు. మెత్తని పొడిని నీటిలో కడిగి, తడి బురదగానే ఇత్తడి గొట్టములో నింపి, మీటయంత్రముతో బలముగా నొక్కెను. ఆ బిళ్లను ఆరబెట్టి, కొలిమిలో తెల్లగా కాల్చి, వేడిమీదనే సుత్తితో కొట్టగా రేణువులన్నియు ఏకమై, రేకుగాను తీగగాను సాగు లోహమేర్పడెను. గంధకామ్లమును మరగించు పాత్రలకు అది మిగుల ఉపయోగపడెను.

ఈ పనిలోనే అతడు 1802లో పల్లేడియమును, 1804లో రోడియమును కనుగొనెను. 1803లో తన పేరు చెప్పకయే పల్లేడియమును అంగడిలో అమ్మించెను. ఒక రసాయనికుడు అది కేవలము మిశ్రలోహమని వాదించగా, దానిని చేసి చూపినవారికి 20 పౌనులిత్తునని ప్రకటించెను, ఎవ్వరును గెలువలేదు. 1805లో గాని తానే దానిని కనుగొంటినని బయటపెట్టలేదు.

ప్లాటినపు పద్ధతినైతే పెక్కేండ్లు రహస్యముగనే యుంచెను. తన శ్రమఫలమును తాననుభవించుట తప్పుగాదు. కాని దాచిన విద్య దాచినవానితోనే అంతరించు భయమున్నది. 1828లో మెదడు వ్యాధిచే శరీరము చచ్చుబడుచుండగా వొలాస్టన్ ఈ సంగతిని గ్రహించెను. తన పద్ధతినంతయు వ్రాయించి రాయల్ సొసైటీకి పంపెను. నవంబరు నెలలో అది సభలో చదువబడెను. డిసెంబరు 22వ తేదీన అతడు మరణించెను. అంత్యదశలో మాట పడిపోగా, తనకు తెలివి యున్నదని తెలుపుటకు కాగితముపై అంకెలు వ్రాసి కూడి చూపెనని చెప్పుదురు.

అప్పటికి రష్యాలో సొబొలెవ్‌స్కీ అను ఇంజనీరు కూడ పొడిని నొక్కి ప్లాటినము చేయు మార్గమును కనుగొనియుండెను. తరువాత 1910 ప్రాంతమున అమెరికాలో కూలిడ్జి, టంగ్‌స్టను పొడిని నొక్కి కాల్చి, విద్యుద్దీపములకు వలయు సన్నని తీగలను తీసెను. నేడు ఉక్కును కోయు పనిముట్ల మొనలును, యంత్రముల చిన్న చక్రములును పొడులనుండియే తయారగుచున్నవి.

విద్యార్థులారా! మన యిండ్లలోను కంసాలులు, కుమ్మరులు, మందుపొడులు నూరువారు కలరు. ఏ పొడిని ఎంత మెత్తగా నూరవలెనో, ఎంత సెగ పెట్టవలెనో వారి చేతులకు తెలియును. పెద్దల నడిగి ఆ నేర్పును మన తెలుగులో వ్రాసి యుంచుడు. వొలాస్టన్ తుదినెలలలో చేసిన పనిని మనము నేడే చేయవచ్చునని మా మనవి.