ఇరవై సీసాల లెక్క



పెళ్ళిళ్ళ కాలం వచ్చిందంటే మన ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల్లో వీధికొక పందిరి లేస్తుంది. అలాంటి ఒక పందిరి కింద భోంచేసిన మా విచారణ కుటుంబం ఒకటి ఆ రాత్రే వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి పాలైంది. నేను చూడబోతే ఇంటి పెద్దావిడ మంచం మీద నుంచే తన సందేహం చెప్పుకొంది. అన్నం వాసన కొట్టలేదట, పప్పు పులవలేదట, వడ్డించిన వాళ్ళు శుభ్రంగానే ఉన్నారట. మరి చెరుపు ఎక్కడ నుంచి వచ్చిందో ఆమెకు అంతుపట్టలేదు.

ఈ సందేహానికే జవాబు వెదుకుతూ దాదాపు నలభై ఏళ్ళు గడిపిన మనిషి కథ ఈ వారం మీకు చెబుతాను. ఆయన పేరు మీకు కొత్త కాదు. పాల ప్యాకెట్టు మీద మీరు చూసే పాశ్చరైజ్డ్ అన్న మాటలో ఉన్నది ఆయన పేరే: లూయీ పాశ్చర్.

1822 డిసెంబరు 27న ఫ్రాన్సు దేశపు తూర్పు భాగంలో డోల్ అనే ఊళ్ళో ఆయన పుట్టాడు. తండ్రి నెపోలియన్ సైన్యంలో పనిచేసి వచ్చి తోళ్ళు పదును చేసి బ్రతికినవాడు. కుటుంబం తర్వాత ఆర్బోయి అనే చిన్న పట్నంలో స్థిరపడింది. కుర్రవాడు చదువులో మరీ మెరికేమీ కాదు. ఇరుగుపొరుగు వాళ్ళ బొమ్మలు మాత్రం చక్కగా గీసేవాడు. రసాయన శాస్త్రం చదివి, ఉపాధ్యాయుడై, 1849లో మరీ లోరాన్‌ను పెళ్ళి చేసికొన్నాడు. వారికి ఐదుగురు పిల్లలు.

1854లో లీల్ నగరంలోని కళాశాలకు పెద్దగా వెళ్ళాడు. బీట్‌రూట్‌తో సారాయి తీసే వ్యాపారి ఒకాయన 1856లో ఆయన దగ్గరకు వచ్చాడు. తన తొట్లలో కొన్ని పులిసి పాడవుతున్నాయి, కొన్ని బాగానే ఉంటున్నాయి, కారణం చెప్పమన్నాడు. పాశ్చర్ రెండు రకాల తొట్ల నుంచీ చుక్కలు తెచ్చి సూక్ష్మదర్శిని కింద చూశాడు. మంచి తొట్టిలో గుండ్రటి ఈస్టు కణాలు. పాడైన తొట్టిలో వాటికి బదులు సన్నటి పుల్లల్లాంటి చిన్న జీవులు. ఆ పుల్లలే పులుపును పుట్టిస్తున్నాయి. పాలు పులవడం వెనుకా ఇలాంటి జీవే ఉందని మరుసటి ఏడు ప్రకటించాడు. మన అమ్మలు ఎన్నో తరాలుగా పాలు తోడు పెడుతూనే ఉన్నారు. ఆ తోడులో ఉన్నదేమిటో మాత్రం అంతవరకు ఎవరూ చెప్పలేకపోయారు. క్రిమి అన్నంత మాత్రాన శత్రువు కాదని ఆయన మొదటే గ్రహించాడు. ఏది, ఎక్కడ, ఎంత అన్నదే ప్రశ్న.

1859 సెప్టెంబరులో ఆయన పెద్ద కూతురు జాన్, తాతగారి ఊరు ఆర్బోయిలో ఉండగా, టైఫాయిడ్‌తో చనిపోయింది. తొమ్మిదేళ్ళ పిల్ల. టైఫాయిడ్ క్రిమి రోగి మలంలో నుంచి నీళ్ళలోకి, తిండిలోకి, అక్కడ నుంచి మరొకరి నోట్లోకి పోతుందని ఇప్పుడు మన పిల్లలు బడిలోనే చదువుకుంటున్నారు. ఆనాడు ఆ తండ్రికి అది తెలియదు. ఆ క్రిమిని ఎబర్త్ అనే జర్మన్ వైద్యుడు చూపింది 1880లో.

ఆ మరుసటి ఏడే, 1860లో, పాశ్చర్ అదే ఆర్బోయికి సీసాలు పట్టుకొని వెళ్ళాడు. ఈ భాగం కొంచెం నిదానంగా చదవండి. తేలికగా కుళ్ళే ఈస్టు కషాయాన్ని మెడ సన్నటి గాజు సీసాల్లో పోసి, బాగా మరగబెట్టి, మూతులు కరిగించి మూసేశాడు. ఊరి వెలుపల ఇరవై సీసాలు తెరిచి, గాలి సోకనిచ్చి, మళ్ళీ మూశాడు. ఎనిమిది పాడయ్యాయి. దగ్గరలోని కొండ మీద మరో ఇరవై తెరిచాడు. ఐదు పాడయ్యాయి. చివరికి కంచరగాడిద మీద సీసాలు వేసుకొని ఆల్ప్స్ పర్వతాల మీది మంచునది దాకా ఎక్కి అక్కడ ఇరవై తెరిచాడు. ఒక్కటే పాడైంది. అంతకు ముందు పారిస్‌లో నక్షత్రశాల ముంగిట్లో తెరిచిన పదకొండుకు పదకొండూ పాడయ్యాయి. దాని నేలమాళిగలో, గాలి కదలని చోట, పదింటిలో ఒకటే పాడైంది.

సెమినరీలో తత్వశాస్త్రం చదివిన రోజుల్లో నాకు ఒక సంగతి వింతగా తోచింది. కుళ్ళులో నుంచి జీవాలు వాటంతట అవే పుడతాయని అరిస్టాటిల్ నమ్మాడు, పునీత తోమాసు అక్వీనాసు వారు కూడా కాదనలేదు. అంత గొప్పవారి మాటను పక్కన పెట్టడానికి ఇన్ని సీసాలు కావలసి వచ్చింది. అయితే తిండికి సంబంధించి ఆ సీసాలు చెప్పింది మరొకటుంది. చెరుపు అన్నిచోట్లా సమానంగా లేదు, అసలు లేని చోటూ లేదు. దాన్ని చూసి దడుచుకోనక్కర లేదు, లేదని ధీమాగా ఉండనూ కూడదు. లెక్కపెట్టాలి: ఇరవైలో ఎన్ని?

ద్రాక్షరసాల విషయంలోనూ ఇదే లెక్క. ఫ్రెంచి ద్రాక్షరసం ఓడల్లో పోయి చేరేసరికి పులిసిపోతున్నదని చక్రవర్తి మూడవ నెపోలియన్ 1863లో ఆయనను పురమాయించాడు. బాగా మరగబెడితే క్రిమి చస్తుంది, రుచీ చస్తుంది. అందుకని గాలి తగలకుండా 50, 60 డిగ్రీల మధ్య కాస్సేపు వేడిచేస్తే చాలునని కనిపెట్టాడు. నమ్మనివాళ్ళ కోసం బ్రెస్ట్ రేవులో ఒక యుద్ధనౌకకు 500 లీటర్లు ఎక్కించారు. సగం వేడిచేసింది, సగం చేయనిది. పది నెలల తర్వాత ఓడ తిరిగి వచ్చాక రుచి చూస్తే వేడిచేసింది నిలిచింది, చేయనిది పులుపెక్కింది. పాలకు ఈ పద్ధతి తర్వాతి వాళ్ళు తెచ్చారు: 63 డిగ్రీల దగ్గర అరగంట, లేదా 72 దగ్గర 15 సెకన్లు.

ఇంతలో 1865లో రెండేళ్ళ కమీల్ పోయింది. 1866లో పన్నెండేళ్ళ సెసిల్ పోయింది. ఆమెను తీసుకుపోయిందీ టైఫాయిడే. 1868లో ఆయనకే పక్షవాతం వచ్చింది. ఎడమ చేయి, కాలు పూర్తిగా స్వాధీనంలోకి రాకపోయినా పని మానలేదు.

కొన్ని క్రిములు మామూలు మరుగుకు చావవని కూడా 1870ల నాటి వాదాల్లో తేలింది. గింజ లోపల మొలక దాగినట్లు గట్టి పొరలో దాగి, వేడి తగ్గాక అవి మళ్ళీ మొలుస్తాయి. దానితో పాశ్చర్ శిష్యుడు షాంబర్లాన్ ఆవిరి ఒత్తిడితో 110, 120 డిగ్రీలకు పోయే పాత్ర తయారుచేశాడు. మీ ఇంటి కుక్కరు కూడా ఆవిరి ఒత్తిడితోనే వేడిని నూరు దాటిస్తుంది. పెళ్ళి గంగాళం దాటించదు. అన్నంలో ఉండే ఒక జాతి క్రిమి సరిగ్గా ఇలాంటిదే. గంగాళంలో గంటల తరబడి గోరువెచ్చగా ఉన్న అన్నంలో అది పెరిగి విషం వదులుతుంది. వాసన మారకపోవచ్చు. వాంతులు పుట్టించే ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు.

1883లో ఈజిప్టులో కలరా చెలరేగితే పాశ్చర్ తన శిష్యులను అలెగ్జాండ్రియాకు పంపాడు. వారిలో 27 ఏళ్ళ లూయీ తుయిలియే ఆ కలరాతోనే అక్కడ చనిపోయాడు. అదే పని మీద వచ్చిన జర్మన్ శాస్త్రవేత్త కోఖ్, ఫ్రెంచివాళ్ళతో ఎంత పోటీ ఉన్నా, ఆ యువకుని శవపేటిక వెంట నడిచాడు. తర్వాత కలకత్తా వచ్చి, 1884లో అక్కడి చెరువు నీళ్ళలో కలరా క్రిమిని చూపింది ఈ కోఖే.

ముసలితనంలో పాశ్చర్ భోజనానికి కూర్చుంటే పళ్ళెం, గ్లాసు తుడిచి గాని ముట్టేవాడు కాదు. రొట్టె తుంచి ముక్క ముక్కా పరీక్షించేవాడు. ఒక విందులో చెర్రీ పళ్ళను గ్లాసు నీళ్ళలో కడిగి తిని, మాటల్లో పడి ఆ కడిగిన నీళ్ళనే తాగేశాడని ఒక కథ చెప్పుకుంటారు. నిజమో కాదో గాని, మన అందరి ఇళ్ళలోనూ జరిగేదే.

1885లో పిచ్చికుక్క కాటుకు వేసిన టీకాతో ఆయన పేరు లోకమంతా మోగింది. అది మీకు తెలిసిన కథే, వదిలేస్తాను. 1895 సెప్టెంబరు 28న, ఒక చెయ్యి భార్య చేతిలో, మరో చేతిలో సిలువతో కన్నుమూశాడు.

ఆయన పేరిట 1907లో నీలగిరుల్లోని కూనూరులో ఒక సంస్థ వెలిసింది. అప్పట్లో మన ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో, మద్రాసు రాజధానిలో ఉండేది. ఆ సంస్థలోని ఒక్క గదిలో 1918లో మెక్‌కారిసన్ అనే వైద్యుడు ఆహారం మీద పరిశోధన మొదలుపెట్టాడు. అది పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలింది. నేటి జాతీయ పోషకాహార సంస్థ అదే. 1999లో అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంఘం కోడెక్స్, తిండిలో క్రిముల ప్రమాదాన్ని తూచే పద్ధతిని నాలుగు మెట్లుగా వ్రాసిపెట్టింది. ఏ క్రిమి, అది ఎంత చెరుపు చేయగలదు, ఎంత మోతాదులో మన నోటికి చేరుతున్నది, మొత్తం మీద ప్రమాదం ఎంత.

ఆసుపత్రిలో ఆ పెద్దావిడను నేనూ కొన్ని ప్రశ్నలు అడిగాను. అన్నం ఎప్పుడు వండారు, దేనిలో ఉంచారు, ఎన్ని గంటలకు తిన్నారు, నీళ్ళు ఎక్కడివి. వేళ్ళు మడిచి లెక్కవేసింది. ముహూర్తానికి ఆలస్యం కాకూడదని తెల్లవారుజామున రెండింటికే వండి, గంగాళంలోనే మూతపెట్టారు. వాళ్ళ బంతి లేచేసరికి మధ్యాహ్నం మూడైంది. పదమూడు గంటలు, ఫాదర్, అని తనే మెల్లగా చెప్పి, ఆ రోజు మొదటి బంతిలో తిన్న మనవడి కోసం మనిషిని పంపింది.